గాలి మేసి నడచు మృగములు



ఆడి నెల వచ్చినదంటే మా ఊత్తంగరై ప్రాంతమున గాలికి పగ్గముండదు. ఆడి గాలికి అమ్మిరాయి సైతము ఎగిరిపోవునని తమిళ సోదరులు చెప్పుకొను సామెత ఇక్కడి తెలుగిండ్లలోను అంతే చనవుగా వినవచ్చును. పడమటి నుండి విసరుకొని వచ్చి జవ్వాది కొండల దిక్కునకు సాగిపోవు ఆ గాలి మామిడితోపులలో కొమ్మలను విరుచును, ఆరవేసిన బట్టలను పొరుగింటి పాలు చేయును, పాకల మీది రేకులను పైకెత్తి చూచును; ఇంతటి బలము ఏ పనికిని కుదురక వట్టిగా పోవుచున్నదే యని విచారించువారు మాత్రము అరుదు. కన్యాకుమారి జిల్లాలోని ముప్పందల్ వద్దను, అనంతపురపు సీమలోని రామగిరి గుట్టల మీదను నిలిచిన గాలిమరలు ఆ బలమును విద్యుచ్ఛక్తిగా మార్చుచున్నవి, నిజమే. కాని అవి పాతిన చోటనే పాతుకొని యుండునవి. గాలినే ఆహారముగా గొని, పదుల కొలది కాళ్ళతో ఇసుకపై తమంతట తాము నడచిపోవు యంత్రములు కొన్ని కలవు. వానిని గురించి నాలుగు మాటలు చెప్పుటకు ఈ అవకాశమును వినియోగించుకొనుచున్నాను.

ఆ యంత్రములు పుట్టినది హాలండు దేశమున, హేగ్ నగరమును ఆనుకొని యున్న స్ఖేవెనింగెన్ సముద్రతీరమున. ఆ తీరమునకు గాలితో నడచు వాహనము క్రొత్తది కాదు. క్రీ. శ. 1600 ప్రాంతమున సిమోన్ స్టెవిన్ అను గణితవేత్త, తన ప్రభువైన మారిస్ రాకుమారుని వినోదార్థము, తెరచాపలు కట్టిన నాలుగు చక్రముల బండి నొకదానిని చేయించి ఆ ఇసుక మీదనే పరుగెత్తించినాడు. అంతర్జాతీయ న్యాయశాస్త్రమునకు ఆద్యుడని పేరొందిన హ్యూగో గ్రోషియస్ అప్పటికి నూనూగు మీసముల పడుచువాడై ఆ బండిలో కూర్చుండెననియు, స్ఖేవెనింగెన్ నుండి ఉత్తరమున నున్న పెట్టెన్ గ్రామము వరకు సాగిన ఆ ప్రయాణములో తోడు వచ్చిన గుర్రములు వెనుకబడి పోయెననియు ప్రతీతి. ఓడకు చక్రములు బిగించినట్లున్న ఆ బండి చిత్రము అచ్చుపడి ఐరోపా ఖండమంతట వ్యాపించినది. ఐనను దాని కొక పరిమితి యుండెను: అల వచ్చి తడిపి పోయిన గట్టి ఇసుక మీద మాత్రమే ఆ బండి పరుగెత్తగలదు. పొడి ఇసుకలో దిగినదా, చక్రము కూరుకొనిపోవును.

ఈ సంగతి మన రైతులకు వేరుగ చెప్పనక్కర లేదు. వేసవిలో దక్షిణపినాకిని ఎండినప్పుడు ఏటి నడుమ బండి దిగబడిన యెడల చక్రము తన ముందున్న ఇసుకను తానే గట్టుగా త్రోసికొని ఆ గట్టునకే తానడ్డుపడును. అదే ఇసుకలో ఎద్దు మాత్రము ఒక కాలు తీసి మరియొక కాలు వేసి ఎట్లో బయటపడును. ఏలన, చక్రము తన దారి పొడవునను భూమిని అంటి యుండవలెను, కాలికి అడుగు పడిన చోటు చాలును. రెండడుగుల నడుమనున్న ఇసుకతో కాలికి పని లేదు. చక్రము పుట్టిన తరువాత దానికి తగిన బాటలు వేయుటయే మానవుని పెద్ద పని యైనది గాని, బాట లేని చోట నడుచుట ఎట్లను ప్రశ్న శాస్త్రజ్ఞులను వదలలేదు. రష్యా దేశపు గణితవేత్త చెబిషేవ్, కేవలము కడ్డీలను కీళ్ళతో కూర్చి, తిరుగుడును అడుగుగా మార్చు నాలుగు కాళ్ళ నడక యంత్రమును కల్పింపగా, దానిని 1878లో పారిస్ మహాప్రదర్శనమున చూపినారు. అది చదునైన బల్లపై చక్కగ నడచెను. ఇసుకతో దానికి పరిచయము లేదు.

ఇక మన కథానాయకుడు. థియో యాన్సెన్ 1948లో ఆ స్ఖేవెనింగెన్‌లోనే జన్మించినాడు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువ మొదలిడి, పట్టము పుచ్చుకొనకయే విడిచి, చిత్రకారుడైనాడు. 1980లో హీలియము నింపిన నల్లని పళ్ళెము వంటి దానిని డెల్ఫ్ట్ నగరముపై ఎగురవేసి, అన్య గ్రహముల నుండి ఎవరో దిగివచ్చిరని జనులు కలవరపడునట్లు చేసినాడు. ఇట్టి చిలిపితనము గలవాడు పత్రికలో శీర్షిక వ్రాయుటకు కూర్చుండినచో ఏమి వ్రాయును? 1990వ సంవత్సరమున ‘డ ఫోల్క్స్‌క్రాంట్’ అను దినపత్రికలో, సముద్రమట్టము పెరుగుచున్నది, మన ఇసుకదిబ్బలు చాలవు, కావున గాలితో నడచు మృగములను తీరమున వదలినచో అవి ఇసుకను కదపి ఎగజిమ్మి దిబ్బలను పెంచుచుండునని వ్రాసినాడు.

ఇది పరిహాసమని తోచవచ్చును. కాని హాలండు వారికి సముద్రము పరిహాస విషయము కాదు. దేశములో సుమారు నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువనున్నది. 1953 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల నడిమి రాత్రి కట్టలు తెగి సముద్రము లోనికి వచ్చినప్పుడు 1,800 మందికి పైగా మరణించిరి. ఆ ప్రళయము నాటికి యాన్సెన్‌కు ఐదేండ్లు నిండలేదు. మనకు మాత్ర మిది అంత దూరపు మాటయా? మా ఊత్తంగరై మీదుగా పోవు రాజమార్గమును పట్టుకొని తూర్పుగా పోయినచో చివరకు పుదుచ్చేరి చేరుదుము. అక్కడ ఊరి ఎదుట నుండిన విశాలమైన ఇసుకతిన్నె, 1980ల చివర రేవు గోడలు కట్టిన తరువాత, కొట్టుకొనిపోయి ఏండ్ల తరబడి నల్లరాళ్ళే మిగిలినవి. కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడ గ్రామపు వీధులు కొన్ని ఇప్పటికే సముద్రగర్భమున నున్నవి. ఇసుకను నిలుపుట ఎంత కష్టమో ఆ ఉప్పాడ వారి నడుగవలెను.

శీర్షిక వ్రాసి ఊరకుండిన యెడల కథ లేదు. యాన్సెన్ ఒక దుకాణమునకు పోయి, గోడలలో కరెంటు తీగలు దూర్చుటకు వాడు పసుపుపచ్చని పీవీసీ గొట్టములను కొని తెచ్చుకొని, ఒక ఏడాది పాటు వీనితో ఆడుకొందునని సంకల్పించినాడు. ఆ ఏడాది నేటికిని ముగియలేదు. మొదటి మృగమునకు ‘అనిమారిస్ వుల్గారిస్’ అని లాటిను పేరు పెట్టినాడు గాని, అంటుకొను టేపుతో కట్టిన దాని కీళ్ళు బరువును భరింపలేక పోయినవి. అది నిలువలేదు. వెల్లకిల పడియుండి కాళ్ళు మాత్రము ఆడించెను. టేపు విడిచి నైలాను పట్టీలు బిగించిన తరువాత పుట్టిన ‘అనిమారిస్ కురెన్స్ వుల్గారిస్’ లేచి నడచినది. గొట్టములను వేడి చేసి వంచుట నేర్చినాడు, కొంతకాలము కొయ్య వాడినాడు, మరల గొట్టములకే వచ్చినాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు భూమి చరిత్రను విభజించినట్లు ఈ దశల కన్నిటికి ఆయన యుగములని పేర్లు కూడ పెట్టినాడు. తన పరిహాసమును తానే ఇంత శ్రద్ధతో పోషించు మనుష్యుడు అరుదు.

ఈ యంత్రములకు ప్రాణము కాలిలో నున్నది. కావున దానిని కొంత నిదానించి వర్ణింతును. శ్రోతలు కన్నులు మూసికొని ఊహించిన మేలు. నడుమ ఒక ఇరుసు. ఆ ఇరుసునకు వంపు తిరిగిన క్రాంకు. క్రాంకు కొన నుండి రెండు కడ్డీలు బయలుదేరును, ఒకటి పైకి, ఒకటి క్రిందికి. పైకి పోయినది, చట్రమునకు బిగించిన ఒక కీలు చుట్టు ఊగునట్టి పై త్రిభుజమును లాగుచు త్రోయుచు నుండును. క్రిందికి పోయినది క్రింది త్రిభుజము యొక్క మోకాటిని పట్టుకొని యుండును. ఈ రెండు త్రిభుజములను మరి రెండు కడ్డీలు కలుపును. క్రింది త్రిభుజపు కొనయే పాదము. క్రాంకు గుండ్రముగ తిరుగుచుండగా పాదము మాత్రము గుండ్రముగ తిరుగదు. భూమిని తాకినప్పుడు తిన్నని గీత వెంబడి వెనుకకు జారును, గీత చివర చేరినంతనే పైకి లేచి, త్వరితముగ ముందునకు వచ్చి, మరల గీత మొదట దిగును. ఈ తిన్నని గీతలోనే రహస్యమంతయు నున్నది. పాదపు దారి వంపుగ నుండినచో ప్రతి అడుగునకు శరీరము లేచుచు పడుచు నుండవలెను, లేచుటకు కావలసిన శక్తిని పాపము గాలి యెక్కడ నుండి తెచ్చును? గీత తిన్నగ నుండుట చేత ఇరుసు ఎల్లప్పుడు ఒకే ఎత్తున సాగును. గాలి ఇచ్చిన కొంచెపు బలము వృథా కాక ముందడుగునకే వినియోగపడును. క్రాంకు ఒక చుట్టులో సుమారు మూడవ వంతు కాలము పాదము నేలపై నుండును గనుక, చుట్టును మూడు సమభాగములు చేసి మూడు క్రాంకులను నిలిపినచో, ఎప్పుడు చూచినను ఏదో ఒక కాలు భారము మోయుచునే యుండును.

అట్టి గీత రావలెనన్న కడ్డీల పొడవు లెంత యుండవలెను? చేతితో లెక్కించి తేల్చునది కాదు. ఒక్కొక్క కడ్డీకి పది పొడవులే అనుకొన్నను, పదునొకండు కొలతలకు సమ్మేళనములు లెక్కకు మిక్కిలి యగును. వానినన్నిటిని పరీక్షించుటకు కంప్యూటరునకైనను ఆయుర్దాయము చాలదు. యాన్సెన్ ప్రకృతి యొక్క ఉపాయమునే ఆశ్రయించినాడు. తన అటారీ కంప్యూటరులో 1,500 కాళ్ళను యాదృచ్ఛికముగా పుట్టించి, వానిలో ఆదర్శమునకు దగ్గరగ నడచిన 100 కాళ్ళను ఏరి, ఆ నూటి కొలతలను కలగలిపి మరల 1,500 పుట్టించి, మరల ఏరి, రాత్రింబగళ్ళు నెలల తరబడి ఆ యంత్రము చేత ఈ వంశాభివృద్ధి చేయించినాడు. తుదకు నిలిచిన పదునొకండు సంఖ్యలను ఆయన పవిత్ర సంఖ్యలని పిలుచును. వ్రాసికొనగోరువారు కాగితము తీసికొనవచ్చును. పై త్రిభుజము: 41.5, 40.1, 55.8. క్రింది త్రిభుజము: 36.7, 65.7, 49. రెంటిని కలుపు కడ్డీలు: 39.3, 39.4. క్రాంకు నుండి పైకి పోవునది 50, క్రిందికి పోవునది 61.9. ఇరుసునకు, చట్రపు కీలునకు నడుమ అడ్డముగ దూరము 38. ఇవి పదునొకండు. వీనికి తోడు, కీలు ఇరుసు కంటె 7.8 దిగువన, క్రాంకు పొడవు 15. అంగుళములైన నేమి, సెంటీమీటర్లైన నేమి, నిష్పత్తి చెడకుండిన చాలును.

కాలు కుదిరిన తరువాత కడుపు. గాలి ఆగినప్పుడు, అందును పోటు వచ్చు సమయమున ఆగినప్పుడు, మృగము కదలలేక నీట మునుగును గదా! అందుచేత వీపున రెక్కలు నిలిపి, అవి గాలికి ఊగునప్పుడెల్ల చిన్న పంపులు నడచి, మనము పానీయములు త్రాగి పారవేయు ప్లాస్టికు సీసాలలో గాలిని కుక్కి కుక్కి నింపునట్లు చేసినాడు. గాలి వీచునప్పుడు మేయును, ఆగినప్పుడు సీసాలలోని గాలితో నాలుగడుగులు వేయును. గొట్టములో గొట్టమును జొనిపి, నిలువచేసిన గాలి లోనికి వచ్చినప్పుడు పొడవు సాగునట్లు చేసినవి కండరములు. నేలకు దగ్గరగ ఈడ్చుకొనిపోవు ఒక సన్నని గొట్టము ఎల్లప్పుడు గాలి పీల్చుచుండును. అది నీటిని పీల్చినదా, గాలికంటె నీరు బరువు గనుక అడ్డు తగులును, ఆ అడ్డునే సంకేతముగ గొని మృగము వెనుదిరిగి పోవును. కవాటములు మూసికొనుట తెరచుకొనుటలతో, సున్న ఒకటి అను రెండంకెల లెక్కలో, అడుగులను లెక్కపెట్టుకొను సాధన మొకటి కూడ దానికి కలదు. మరియొక మృగము తుపాను గాలి పసిగట్టి, తన ముక్కుననున్న మేకును తానే సుత్తితో నేలలోనికి దిగగొట్టుకొని నిలిచిపోవును. ఇందులో ఎక్కడను విద్యుత్తు లేదు, మోటారు లేదు. నరములు, మెదడు అని ఆయన చెప్పునదంతయు గాలియే.

మిక్కిలి పెద్దవానిలో ఒకటి ‘రైనోసెరోస్ ట్రాన్స్‌పోర్ట్’ అనునది, 3.2 టన్నుల బరువు, 4.7 మీటర్ల ఎత్తు. దానిని ఒక మనుష్యుడు చేతితో త్రోసినను కదలును. ఒక కార్ల సంస్థ తన ప్రకటన చిత్రములో ఈ మృగములను చూపిన పిమ్మట యాన్సెన్ పేరు లోకమంతట వ్యాపించినది. ఆ కీర్తి ప్రస్తావన నాకంతగ ముఖ్యము కాదు.

ఇంతకు ఇది కళయా, యంత్రవిద్యయా? కదలికయే వస్తువుగా గల శిల్పమును గూర్చి నౌమ్ గాబో, అతని సోదరుడు పెవ్స్నర్ 1920లోనే మాస్కోలో ప్రకటించిరి. గాలికి కదలు లోహపు ఆకుల వ్రేలాడు శిల్పములతో అలెగ్జాండర్ కాల్డర్ ప్రసిద్ధుడైనాడు. ఆయన 1955లో మన అహమ్మదాబాదునకు వచ్చి, సారాభాయి వారింట అతిథియై కొన్నిటిని అక్కడనే చేసిపోయినాడు. 1960లో న్యూయార్కు కళాప్రదర్శనశాల తోటలో టింగ్వెలీ అను స్విట్జర్లాండు శిల్పి, తన్నుతాను నాశనము చేసికొను యంత్రము నొకదానిని ప్రదర్శించెను. కాల్డర్ ఆకులకు గాలి అలంకారము, టింగ్వెలీ యంత్రమునకు వినాశము ఒక వేడుక. యాన్సెన్ మృగములకో, గాలి జీవనాధారము. వానిలో అందము కొరకు చేర్చిన కడ్డీ ఒక్కటియు లేదు. ఐనను అలలనురుగు ప్రక్కన ఆ పచ్చని కాళ్ళగుంపు కదలి వచ్చునప్పుడు గజ్జెకట్టిన పాదముల సొంపు కానవచ్చును. పని కొరకు పుట్టిన అందమునకే నేను పెద్దపీట వేయుదును. కాల్డర్ అభిమానులు నన్ను క్షమింతురు గాక.

మన వారీ విషయమును తలపోయలేదా యన్నచో, తలపోసిరి. ధారానగరము నేలిన భోజమహారాజు పదునొకండవ శతాబ్దమున కూర్చిన సమరాంగణ సూత్రధారములో ముప్పదియొకటవ అధ్యాయము యంత్రవిధానము. దానిని 1924-25 సంవత్సరములలో గణపతిశాస్త్రిగారు పరిష్కరింపగా బరోడాలో అచ్చువేసిరి. యంత్రమునకు చలనబీజములు భూమి, జలము, అగ్ని, వాయువు అని అందు చెప్పబడినది. మంచి యంత్రమునకు ఉండవలసిన గుణములలో అవయవములు చక్కగ పొందికపడుట, నునుపు, లాఘవము, చప్పుడు లేకుండుట, లోపలి పని కంటికి కానరాకుండుట మొదలగునవి లెక్కింపబడినవి. మరి కట్టు విధానమును మాత్రము భోజుడు విప్పి చెప్పలేదు. తెలియక కాదు, రహస్యముగ నుంచుటకే చెప్పలేదని ఆయనయే వ్రాసినాడు. అందరికిని తెలిసిపోయినచో ఆశ్చర్యము నశించునని ఆనాటి వారి భావము. తోలుబొమ్మలాటలో ఆటగాడు తెర వెనుకనే నిలిచి దీపపు వెలుతురులో బొమ్మ చేతిని ఊపుటకును ఇదే కారణము కావలెను.

భోజుని గీటురాతి మీద యాన్సెన్ మృగమును గీచి చూడుడు. లాఘవమున నూటికి నూరు. పొందికకు లోపము లేదు. చప్పుడు విషయమున తప్పిపోవును, ఆ కడ్డీల కటకట దూరమునకే వినవచ్చును. కానరాకుండుట అన్న గుణమో, పూర్తిగా శూన్యము: చర్మము లేదు, పెట్టె లేదు, తెర లేదు, ప్రతి ఎముకయు ప్రతి కీలును బయటనే యున్నవి, కొలతలను సైతము ఆయన లోకమునకు పంచిపెట్టినాడు. ఐనను చూచువారి ఆశ్చర్యము తగ్గుట లేదు. కాలు ఎట్లు పనిచేయునో సంపూర్ణముగ తెలిసిన యంత్రశాస్త్రజ్ఞుడు సైతము, అది తన యెదురుగ ఒక్క అడుగు వేసినంతనే, నోరు తెరచి చూచును. భోజమహారాజు పాండిత్యమునకు చేయెత్తి మ్రొక్కుచునే, ఈ ఒక్క విషయమున ఆయన తీర్పును నేనంగీకరింపలేను. తెర తీసివేసినను నిలుచు విస్మయమే గట్టిది.

దిబ్బల సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. దిబ్బలు పెరుగలేదు. ముప్పదియేండ్లకు పైగా గడచినను ఈ మృగములు సముద్రమును ఆపలేదు. హాలండు వారి తీరమును కాపాడుచున్నవి నేటికిని కట్టలు, తూములు, ఓడలతో తెచ్చి పోయు ఇసుకయే. వసంతమున ఆయన ఒక క్రొత్త మృగమును తీరమునకు తీసికొనిపోవును, వేసవి యంత పరీక్షించును, ఆకురాలు కాలమున అది అంతరించినదని ప్రకటించి, దాని ఎముకలను తన శిథిలముల కుప్పలో చేర్చి, దాని లోపములను మరుసటి దానిలో దిద్దును. ఎప్పటికో ఒకనాటికి ఇవి మందలుగ తీరమున స్వతంత్రముగ బ్రదుకునని ఆయన ఆశ. నాకా నమ్మకము లేదు. మొదటి పెనుగాలికి చెదరిన కీలును తిరిగి కట్టుటకు ఒక చేయి కావలెను, ఆ చేయి మృగమునకు లేదు.

దీనికాయన యొద్ద ఒక చమత్కారమైన సమాధానము కలదు. విద్యార్థులు ఈ మృగముల కొలతలను చూచి ఎక్కడెక్కడో వాని బిడ్డలను కట్టుచున్నారు గదా, మృగములు సంతానమును పెంచుకొను మార్గమదియే అని. మనుష్యుల చేతులనే తమ గర్భముగ వాడుకొను జీవులు! చిన్నవి కొన్ని త్రీడీ ముద్రణయంత్రము నుండి కీళ్ళతో సహా పూర్తిగా తయారై, ఊదిన చాలు నడచునట్లు వెలువడుచున్నవి. ప్రాణమను మాటను అంత తేలికగ ఖర్చుచేయుట నా కిష్టము లేకున్నను, ఆ వంశమున ఒక శాఖ మా వైపున పుట్టుటకు అభ్యంతర మేమియు లేదు. కరెంటు పైపులు ఏ ఊరి దుకాణముననైనను దొరకును, ఎండినప్పుడు మా పాంబారు ఏటి ఇసుకయు దొరకును, గాలి సంగతి మొదటనే చెప్పితిని.

చేయదలచిన విద్యార్థులకు ఒక్క మాట. ఒకేసారి పన్నెండు కాళ్ళకు పైపులు కోయవద్దు. ముందుగ అట్టముక్కలతో ఒక్క కాలు కత్తిరించి, పలక మీద గుండుసూదులతో బిగించి, పాదపు కొనకు పెన్సిలు కట్టి, క్రాంకును మెల్లగ త్రిప్పుడు. పెన్సిలు గీచిన గీత అడుగున తిన్నగ రాకుండినచో తప్పు మీ బుద్ధిలో లేదు, రంధ్రములలో నున్నది. 61.9 అను కడ్డీని ముందుగ కొలిచి చూడుడు. కొలత రంధ్రపు నడుమ నుండి రంధ్రపు నడుమ వరకు తీయవలెను గాని, కడ్డీ కొన నుండి కొన వరకు కాదు.